జపాన్ ఆర్‌పీజీల్లో ముందు జుట్టు పుట్టి తర్వాత హీరో పుడతాడా?

అర్ధరాత్రి_అప్పారావు
ఆర్‌పీజీలంటే ఒక పాత్రలో దూరి కథంతా నడిపే వీడియో గేములు. మా మేనల్లుడు పోరుపెట్టి నాచేత డ్రాగన్ క్వెస్ట్ 11 ఆడించాడు, పర్సోనా 5 సగం ఆడించాడు, ఇప్పుడు 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 మొదలుపెట్టించాడు. బాగాలేవని అనను. ఆఫీసు నుంచి వచ్చి, తిని, పదకొండింటికి కూర్చుంటే రెండు దాకా లేవట్లేదు. నా బాధ వేరు.

అన్నిట్లోనూ అదే కుర్రాడు. పదిహేడేళ్ళు. మేకులు దిగ్గొట్టినట్టు జుట్టు. మనిషికంటే కత్తి పొడవు. వాడి ఊరు తగలబడుతుంది, లేదా వాడెవరో వాడికే గుర్తుండదు, లేదా రెండూ. దారి చూపించే పెద్దాయన సగంలో పోతాడు. చివర్లో దేవుణ్ణి చంపాలట, మేనల్లుడు ముందే చెప్పాడు. నాకు 36 ఏళ్ళు, ఇంటి లోను, నడుం నొప్పి. ప్రపంచాన్ని కాపాడే పని ఎప్పుడూ ఇంటర్ పిల్లలకే ఎందుకిస్తారు? రాసేవాళ్ళ బద్ధకమా, నాకు తెలియని లెక్క ఏదైనా ఉందా?

(7లో ఇంకా జూనన్ ఊరి దగ్గరే ఉన్నాను.)

లెవెల్99_లావణ్య
చిన్న సవరణ. 7లో హీరో క్లౌడ్‌కి 21. పదిహేడేళ్ళ బ్యాచ్ అంటే అదే సిరీస్ 8లో స్క్వాల్, 10లో టీడస్. 9లో జిడాన్‌కి పదహారే. ఇక 10లో ఆరాన్ అని ఒకాయన ఉంటాడు, నెరిసిన జుట్టు, కంటి మీద గాటు, భుజాన సారా కూజా, మాట్లాడితే వేదాంతం. ఆయన వయసు 35.

అర్ధరాత్రి_అప్పారావు
నాకంటే ఏడాది చిన్నవాడా??

లెవెల్99_లావణ్య
వాళ్ళ లెక్కలో మీరు ఇప్పటికే సమాధిలోంచి సలహాలివ్వాలి.

పిక్సెల్_పద్మనాభం
జుట్టు సంగతి నేను చెబుతా. పదేళ్ళుగా యానిమేషన్‌లో ఉన్నాను, ఇది మా రోజువారీ పని.

1986లో మొదటి డ్రాగన్ క్వెస్ట్ వచ్చింది. కార్ట్రిడ్జ్ మొత్తం 64 కిలోబైట్లు. ఇవాళ మీరు వాట్సాప్‌లో పంపే గుడ్‌మార్నింగ్ ఫోటో దానికంటే పెద్దది. కటకానా (జపనీస్ లిపుల్లో ఒకటి) అక్షరాలన్నీ కూడా పట్టలేదు. కొన్ని అక్షరాలే ఉంచుకుని, వాటితో రాయగలిగిన పేర్లే పెట్టుకున్నారు. హీరో బొమ్మ ముందువైపు ఒక్కటే ఉంటుంది. ఎటు నడిచినా ముఖం మనవైపే, పీతలాగా పక్కకి జరుగుతాడు. ఫామికామ్‌లో (అప్పటి నింటెండో గేమ్ మెషీన్) ఒక స్ప్రైట్‌కి (తెర మీద కదిలే చిన్న బొమ్మ) మూడు రంగులు, నాలుగోది ఖాళీ. పదహారు గళ్ళలో మనిషిని గీయాలి. కన్నుకి ఒక గడి, ముక్కుకి చోటు లేదు. అలాంటప్పుడు ఎవరు ఎవరో ఎలా తెలియాలి? కొమ్ములు, టోపీ, జుట్టు, అంగీ రంగు. అంతే.

ఆ ఆటలో స్లైమ్ అనే బుల్లి రాక్షసి కథ తెలుసా? ఆట రూపకర్త యూజీ హోరీ గీసిచ్చింది కారిపోయిన ముద్దలాంటి బొమ్మ. బొమ్మలు గీసే అకిరా తోరియామా దాన్ని నీటిబొట్టు ఆకారం చేసి, గుండ్రటి కళ్ళు, నవ్వు పెట్టాడు. మూడే మూడు ముక్కలు. దాదాపు 40 ఏళ్ళయినా దాన్ని మార్చాల్సిన అవసరం రాలేదు.

గోదారి_గేమర్
1986కి ఒప్పుకుంటా పద్మనాభం గారూ. పర్సోనా 5 వచ్చింది 2016లో. ప్లేస్టేషన్ 4లో ముక్కుకి చోటు లేదా? గళ్ళ కష్టం పోయి పాతికేళ్ళయింది, జుట్టు మాత్రం అలాగే ఉంది. ఇది అలవాటు. అప్పారావు గారు అన్నదే కరెక్టు, బద్ధకం.

మౌన_హీరో
……

చిల్లర_సేనాపతి
ఈయన పదకొండు నెలలుగా ఈ గ్రూపులో ఉన్నాడు. ఇంతవరకు ఇంకో మాట రాయలేదు. కంకణం కట్టుకున్నట్టున్నాడు.

పిక్సెల్_పద్మనాభం
@గోదారి_గేమర్ కొంత అలవాటే, కాదనను. కానీ 7నే చూడండి. క్యారెక్టర్ డిజైనర్ టెత్సుయా నోమురా మొదట గీసిన క్లౌడ్‌కి నల్ల జుట్టు, వెనక్కి దువ్వి ఉండేది. పాలిగాన్లు (3డీ బొమ్మని కట్టే ముక్కలు) మిగులుతాయని అలా చేశారు. తర్వాత పసుపురంగు ముళ్ళ జుట్టు చేశారు, ఎందుకంటే ఎదురుగా విలన్ సెఫిరోత్ ఉన్నాడు, వెండిరంగు జుట్టు నడుం దాకా. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఒకడు నిప్పురవ్వలా, ఇంకొకడు వాన చారలా కనిపించాలి. ఆ ఆటలో ఊళ్ళో తిరిగే బొమ్మలకి నోరు లేదు, వేళ్ళు లేవు, చేతులు రోకళ్ళలా ఉంటాయి. అలాంటి బొమ్మకి జుట్టే ముఖం.

మా దగ్గర కొత్త క్యారెక్టర్ గీస్తే మొదటి పరీక్ష, లోపలంతా నల్లరంగు పోసేయడం. నీడ మాత్రమే చూసి ఎవరో చెప్పగలగాలి. చెప్పలేకపోతే కాగితం చెత్తబుట్టలోకి.

సేవ్‌చేయని_సుబ్బు
పద్మనాభం అన్నకి సాక్ష్యం నేను.

2001లో మా అన్నయ్య సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ కొన్నాడు. విజయవాడలో ఒక సీడీల షాపులో 7 తీసుకున్నాడు, మూడు డిస్కులు, పాలిథిన్ కవర్లో. ఇంటికొచ్చి పెడితే మొత్తం జపనీస్. వెనక్కిస్తే షాపువాడు తీసుకోలేదు. "బొమ్మలు చూడండి సార్, కథ అదే తెలుస్తుంది" అన్నాడు. వాడు వెటకారంగా అన్నాడో ఏమో గానీ నిజంగా తెలిసింది. మెనూలో మూడోది మందు, నాలుగోది మంట అని నోట్‌బుక్‌లో రాసుకుని ఆడాం. ఎవడు మంచివాడు, ఎవరు ఎవర్ని ఇష్టపడుతున్నారు, ఎవరు అబద్ధం చెబుతున్నారు, అన్నీ తల వంచడం, వెనక్కి తిరగడం, చెయ్యి ఊపడం చూసే పట్టేశాం. మొదటి డిస్క్ చివర్లో పూలమ్మే అమ్మాయిని సెఫిరోత్ పొడిచినప్పుడు ఆ తెల్ల గోళీ మెట్ల మీద టక్కు టక్కుమని దొర్లి నీళ్ళలో పడుతుంది చూడండి, ఆ తర్వాత ఫైట్ మొదలైనా ఫైట్ పాట రాదు, ఆమె పాటే నడుస్తూ ఉంటుంది. ఒక్క ముక్క భాష రాకుండా ఇద్దరం ఏడ్చాం. అమ్మ వచ్చి కొట్టుకున్నారా అని అడిగింది.

మూడో డిస్క్ రీడ్ అవ్వలేదు. ముగింపు ఎనిమిదేళ్ళ తర్వాత నెట్‌లో చూశాను.

లెవెల్99_లావణ్య
సుబ్బూ!! ఆయన జూనన్ దగ్గరున్నానని మొదటి పోస్టులోనే రాశాడు!

అర్ధరాత్రి_అప్పారావు
పూలమ్మే అమ్మాయి అంటే ఏరిత్? రెండు రోజులుగా నేను లెవెల్స్ పెంచుతున్నది ఆమెకే!

సేవ్‌చేయని_సుబ్బు
అయ్యో అన్నా. పోస్టు చివరి బ్రాకెట్టు చూడలేదు. తప్పయిపోయింది.

గోదారి_గేమర్
1997 ఆటకి స్పాయిలరేంటి. భీష్ముడు పోతాడని చెప్పినా ఏడుస్తారా.

చిల్లర_సేనాపతి
అప్పారావు గారూ, మీకంటే పెద్ద బాధితుణ్ణి ఇక్కడున్నాను. జూనన్ దగ్గర ఒక గుహలో నిద్రపోయే మనిషి ఉంటాడు. మీరు చేసిన యుద్ధాల సంఖ్యలో చివరి రెండంకెలు ఒకటే అయితేనే వాడు వస్తువు ఇస్తాడు. అది తీసుకెళ్ళి ఇంకోచోట ఇస్తే ఏరిత్‌కి ఆఖరి లిమిట్ బ్రేక్ (ప్రత్యేక శక్తి) వస్తుంది. నేను కాగితం మీద యుద్ధాలు లెక్కపెట్టి, సెలవు రోజంతా దానికే పోగొట్టుకుని సంపాదించాను. మూడు గంటల తర్వాత పిల్ల పోయింది. ఆ రోజు అన్నం తినలేదు.

గోదారి_గేమర్
అసలు నాకు మండేది అక్కడే. అంగట్లో 300 గిల్‌కి (ఆటలో డబ్బు) ఫీనిక్స్ డౌన్ (పడిపోయినవాణ్ణి లేపే వస్తువు) దొరుకుతుంది. వందసార్లు చచ్చి బతికిన మనిషికి కథలో కత్తి దిగితే మాత్రం అందరూ చూస్తూ నిలబడతారు. కథ ఒకవైపు, ఆట ఒకవైపు.

ఒసాకా_ఓబులేసు
జపనీస్‌లో యుద్ధంలో పడిపోయినవాడి మీద వచ్చే మాట "సెంతో ఫునో". పోరాడలేని స్థితి అని అర్థం, చావు కాదు. అనువాదాల్లో వేరే మాటలు పడి ఈ గొడవ మొదలైంది.

అయినా మీ కోపానికి జవాబు 1992లోనే ఇచ్చారు, ఫైనల్ ఫాంటసీ 5లో. గలఫ్ అని ఒక తాత, మనవరాల్ని కాపాడటానికి ఒంటరిగా విలన్ మీదకి వెళ్తాడు. ప్రాణం అంకె సున్నాకి పడిపోతుంది. పడడు. సున్నాతోనే కొడుతూ ఉంటాడు. మన చేతిలో కంట్రోలర్ ఉంది, అంకె సున్నా ఉంది, ముసలాయన మాత్రం మాట వినట్లేదు. అయ్యాక మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మంత్రాలు వేస్తారు, ఫీనిక్స్ డౌన్ కూడా వాడతారు. ఏదీ పనిచేయదు. మీరు అడిగిన ప్రశ్న ఆ పాత్రలే వేసుకున్నాయి.

గోదారి_గేమర్
ఇది ఆడలేదు. సరే, ఈ ఒక్కటి ఒప్పుకుంటున్నా. జుట్టు విషయంలో కాదు.

కాకరకాయ_వేపుడు
ఓబులేసు అన్నా, మీరు అక్కడే ఉంటారు కదా, స్కూలు పిచ్చి గురించి చెప్పండి. అప్పారావు గారి అసలు ప్రశ్న అదే.

ఒసాకా_ఓబులేసు
నేనేం పండితుణ్ణి కాదు, తొమ్మిదేళ్ళుగా ఉద్యోగం చేసుకుంటున్నాను. నాకు కనిపించింది ఇది. ఇక్కడ హైస్కూలు మూడేళ్ళు. క్లబ్బులు, పండగలు, స్నేహాలు అన్నీ ఆ మూడేళ్ళలోనే. ఆ తర్వాత ఒక ఏప్రిల్‌లో అందరూ ఒకే రకం నల్ల సూటు వేసుకుని ఉద్యోగంలో చేరతారు. మా ఆఫీసులో పక్క సీటాయనకి యాభై దాటాయి. బీరు రెండో గ్లాసు దగ్గర ఇప్పటికీ స్కూల్ బేస్‌బాల్ టీమే మాట్లాడతాడు. పర్సోనా 5లో క్యాలెండర్ ఏప్రిల్‌లో మొదలై రోజు రోజు కొట్టేస్తూ పోతుంది చూడండి, అది పిల్లల కోసం పెట్టింది కాదు. ఆ రోజులు ఇక రావని తెలిసిన పెద్దవాళ్ళ కోసం పెట్టింది.

ఇంకో విషయం, క్యారెక్టర్ డిజైన్ అంటే అందరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు. జపనీస్‌లో "నేను" అనడానికి బోలెడు మాటలున్నాయి. వతాషి, బొకు, ఒరె, ఇంకా చాలా. ఎవరు ఏది వాడతారో దాంతోనే సగం మనిషి తెలిసిపోతాడు. 7లో రెడ్ 13 అనే ఎర్ర జంతువు మొదట్లో గంభీరంగా "వతాషి" అంటాడు. కాస్మో కాన్యన్ అనే సొంతూళ్ళో తాతయ్య ఎదురుగా నిలబడగానే "ఒయిరా" అయిపోతాడు. పల్లెటూరి చిన్నపిల్లాడి మాట అది. ఒక్క సర్వనామంతో 48 ఏళ్ళ జంతువు పసివాడైపోయాడు. ఇంగ్లిష్‌లో ఆడితే ఇది కనపడదు.

లెవెల్99_లావణ్య
తెలుగులో అనువదిస్తే బాగా కుదురుతుంది కదా. మనకి "నేను" ఒకటే గానీ మీరు, నువ్వు, ఏరా, ఒరేయ్, ఏవండీ అన్నీ ఉన్నాయి. 7లో జట్టు నాయకుడు బారెట్ క్లౌడ్‌ని మొదట "ఏయ్ కిరాయి సిపాయీ" అంటాడు, తర్వాత "ఒరేయ్" అంటాడు, ఆఖర్న "నాయనా" అంటాడు. కథ మొత్తం ఆ మూడు పిలుపుల్లో చెప్పేయొచ్చు.

కాకరకాయ_వేపుడు
క్లౌడ్ "క్యోమి నాయ్ నే" అనే డైలాగ్‌కి తెలుగు?

చిల్లర_సేనాపతి
"మనకెందుకులే."

సేవ్‌చేయని_సుబ్బు
"మనకెందుకులే" అని ప్రపంచాన్ని కాపాడినవాణ్ణి ఇప్పుడే వింటున్నా.

పిడుగు_పార్వతీశం
దేవుణ్ణి చంపడం గురించి ఎవరూ మాట్లాడలేదే. నాకు అది ఇబ్బందిగానే ఉంటుంది. మా అమ్మ వెనక నుంచి చూసి "ఎవర్రా ఆ రెక్కలాయన, ఎందుకు కొడుతున్నావు" అంటే ఏం చెప్పాలో తెలియలేదు.

ఒసాకా_ఓబులేసు
దీని పాత కథ తమాషాగా ఉంటుంది. 1989లో గేమ్‌బాయ్‌కి సాగా అని ఒక ఆట వచ్చింది. ఒక గోపురం ఎక్కుతూ పోతాం. పైన సృష్టికర్త ఉంటాడు, టోపీ పెట్టుకుని, దొరబాబులా. ఏమీ తోచక ఈ ఆటంతా నేనే పెట్టాను, బాగా ఆడారు, ఏం కావాలో కోరుకోండి అంటాడు. మనవాళ్ళు బహుమతి వద్దని తిరగబడతారు. మోటారు రంపంతో ఒక్క వేటుకి కోసేయొచ్చు. ప్రోగ్రామ్‌లో తప్పు వల్ల అలా అయిందంటారు, జనం మాత్రం దాన్నే పండగ చేసుకున్నారు.

అక్కడ "కామి" అంటే మన గుళ్ళో దేవుడు అనుకోకండి. ఎక్కువసార్లు అది పై అధికారి. 10లో ఒక మతం ఉంటుంది. కొందరు మనుషుల్ని యాత్రకి పంపి బలి ఇస్తుంది, దాంతో పదేళ్ళో ఎన్నాళ్ళో శాంతి, మళ్ళీ మొదటికి. దాన్ని ఆపడమే కథ. పర్సోనా 5లో చివరి దేవుడు పుట్టిందే జనం "ఆలోచించే పని మాకొద్దు, ఎవరో ఒకరు చెప్పండి" అనుకోవడం వల్ల.

పిడుగు_పార్వతీశం
మన పురాణాల్లో దేవుడి మీద యుద్ధానికి వెళ్ళేవాడు విలన్. వాళ్ళ దగ్గర హీరో. అంతే తేడా అన్నమాట.

కాకరకాయ_వేపుడు
అర్జునుడు శివుడితో కుస్తీ పట్టాడు కదండీ.

చిల్లర_సేనాపతి
ఓడిపోయి పాశుపతం తెచ్చుకున్నాడు. అది సైడ్ క్వెస్ట్.

లెవెల్99_లావణ్య
నా ఫిర్యాదు కూడా వినండి, ఎందుకంటే అందరూ హీరో జుట్టు దగ్గరే ఆగిపోయారు. అబ్బాయికి కత్తి, అమ్మాయికి వైద్యం. 4లో రోజా, 7లో ఏరిత్, 10లో యూనా. వెనక వరసలో నిలబడి గాయాలు మాన్పాలి. 6లో టెర్రా, సెలెస్ ఇద్దరూ కత్తి పట్టి కథ నడిపించారు, అది 1994. అంటే చేతకాక కాదు. బట్టల సంగతి ఇంకా దారుణం. మంచు కొండ మీద మగాళ్ళందరూ కోట్లు వేసుకుంటే ఒక్కదానికి మాత్రం బొడ్డు కనపడాలి. 7 రీమేక్‌లో క్లౌడ్ చిన్ననాటి స్నేహితురాలు టీఫాకి లోపల బిగుతైన స్పోర్ట్స్ బనియన్ వేస్తే కొందరు మగాళ్ళు నెలరోజులు శోకాలు పెట్టారు. పిడిగుద్దులతో రాక్షసుల్ని కొట్టే మనిషి, అది వేసుకోకుండా ఎలా కొడుతుందిరా నాయనా.

పిక్సెల్_పద్మనాభం
దీనికి హార్డ్‌వేర్ సాకు చెప్పను. మీరన్నది నిజం.

బట్టలంటే 10లో లులు గుర్తొచ్చింది. గౌను ముందు భాగమంతా బెల్టులే. ఒక్కో బెల్టుకి బకిల్. వాటిని కదిలించాల్సి వచ్చిన యానిమేటర్ ఎవరో గానీ ఆయనకి నా పాదాభివందనం.

సేవ్‌చేయని_సుబ్బు
అప్పారావు అన్నా, ప్రాయశ్చిత్తంగా ఒకటి చెబుతా. డ్రాగన్ క్వెస్ట్ 5 ఆడండి. ఇది 7 కాదు కాబట్టి స్పాయిలర్ కాదు.

లెవెల్99_లావణ్య
ఇదేం లాజిక్కురా.

సేవ్‌చేయని_సుబ్బు
అక్కా ఆగు. 1992 ఆట. చిన్నపిల్లాడిగా నాన్న వెనక నడుస్తూ మొదలవుతుంది. పిల్లాడి మెడ మీద కత్తి ఉందని నాన్న చెయ్యి ఎత్తకుండా దెబ్బలు తిని చనిపోతాడు. పదేళ్ళు బానిస బతుకు. తర్వాత పెళ్ళి, బియాంకానా ఫ్లోరానా అని మనమే తేల్చాలి (బియాంకానే, వాదన లేదు). పిల్లలు పుడతారు. అప్పుడు హీరోని రాయిగా మార్చేస్తారు. ఎవరో ఆ రాతిబొమ్మని కొనుక్కెళ్ళి తోటలో పెట్టుకుంటారు. మనం కదల్లేం. చూస్తూ ఉంటాం. ఎండ, ఆకులు రాలడం, మంచు. ఆ ఇంటి పిల్లాడు పాకడం, నడవడం మన కళ్ళ ముందే. మన పిల్లలు ఎక్కడ నడుస్తున్నారో తెలియదు. ఒకరోజు ఆ పిల్లాణ్ణి ఎత్తుకుపోతే వాళ్ళ నాన్న వచ్చి, అదృష్టం తెస్తావనుకున్నానని ఏడుస్తూ బొమ్మని తన్ని పడేస్తాడు.

చివరికి పురాణంలో చెప్పిన వీరుడు హీరో కాదు, వాడి కొడుకు. వీరుడి నాన్న ఆటన్నమాట. నా కూతురు పుట్టాక మళ్ళీ ఆడాను, తోట దగ్గర ఆపేయాల్సి వచ్చింది.

మౌన_హీరో
……

చిల్లర_సేనాపతి
ఈసారి చుక్కలు కొంచెం తడిగా ఉన్నాయి.

గోదారి_గేమర్
ఆ హీరో కూడా మాట్లాడడు కదా. అవును, కాదు, అంతే. మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో రాకుమారి "నన్ను తీసుకెళ్తారా" అంటుంది. కాదు అని నొక్కితే "ఎంత కఠినం" అని బాధపడి మళ్ళీ అదే అడుగుతుంది. అవునన్నదాకా వదలదు. దాన్ని ఎంపిక అంటారా?

లెవెల్99_లావణ్య
మా పెళ్ళిచూపులు అలాగే జరిగాయి.

పిక్సెల్_పద్మనాభం
అదే హోరీ, అదే తోరియామా కలిసి 1995లో క్రోనో ట్రిగర్ చేశారు, ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త సకాగుచితో. మొదట్లో జాతరలో బల్ల మీద ఎవరిదో భోజనం ఉంటుంది. ఆర్‌పీజీ అలవాటు కదా, కనపడిందల్లా నొక్కి తినేస్తాం. గంట తర్వాత కోర్టులో నిలబెడతారు. ఆ భోజనం ఎవరిదో ఆ ముసలాయనే సాక్ష్యం చెబుతాడు. హీరో ఒక్క మాట మాట్లాడడు, అయినా వాడి గుణం ఏమిటో కోర్టంతా తెలిసిపోతుంది. ఎందుకంటే తిన్నది మనం.

కాకరకాయ_వేపుడు
నేను తిన్నాను. దొరికిపోయాను. అప్పటినుంచి ఏ ఆటలోనూ పరాయి ఇంట్లో కుండలు పగలగొట్టలేదు.

చిల్లర_సేనాపతి
అబద్ధం.

కాకరకాయ_వేపుడు
డ్రాగన్ క్వెస్ట్‌లో తప్ప.

ఒసాకా_ఓబులేసు
అప్పారావు గారికి పెద్దవయసు హీరో కావాలంటే యాకూజా: లైక్ ఎ డ్రాగన్ (2020). ఇచిబాన్‌కి 42. చేయని నేరానికి 18 ఏళ్ళు జైల్లో ఉండి వస్తాడు. జట్టులో ఒక మాజీ పోలీసు, రోడ్డు మీద పడుకునే మాజీ నర్సు (మగాడే), ఒక బార్ నడిపే ఆవిడ. వాడికి డ్రాగన్ క్వెస్ట్ పిచ్చి, అందుకని వీధి రౌడీలు కూడా వాడి కళ్ళకి రాక్షసుల్లా కనపడతారు. జుట్టు మాత్రం పొదే, గోదారి గారు క్షమించాలి.

గోదారి_గేమర్
42 ఏళ్ళకి అంత జుట్టు ఉండటమే ఫాంటసీ.

లెవెల్99_లావణ్య
7 గురించి ఒక మాట చెప్పి ఆగుతా. అప్పారావు గారూ, ఈ పోస్టు దాటేయండి, నిజంగా.

క్లౌడ్ మొదట్లో చూపించే బిల్డప్ ఉంది కదా, చేతులు కట్టుకోవడం, భుజం ఎగరేయడం, నాకు డబ్బిస్తే చాలు అనడం, అప్పారావు గారు విసుక్కున్న మూస మొత్తం. తర్వాత తెలుస్తుంది, అది వాడిది కాదు. స్నేహితుడిది అరువు తెచ్చుకున్నాడు. వాడు మామూలు సిపాయి. ఊళ్ళో గొప్పగా చెప్పుకుని వెళ్ళి, ఏమీ కాలేక, తిరిగొచ్చినప్పుడు టీఫాకి ముఖం చూపించలేక హెల్మెట్ తియ్యకుండా నిలబడ్డాడు. నిజం బయటపడే చోట ఆ హెల్మెట్ తీస్తే లోపల అదే జుట్టు. నేను మొదటిసారి చూసినప్పుడు బీటెక్ రెండు సబ్జెక్టులు పోయి ఇంట్లో చెప్పకుండా ఉన్నాను. ఇంక ఏం చెప్పను.

గోదారి_గేమర్
ఈ లెక్కన జుట్టు కూడా కథలో భాగమే అంటారు. ఆలోచించాలి. ఆలోచిస్తానన్నాను, ఒప్పుకున్నాననలేదు.

అర్ధరాత్రి_అప్పారావు
ఆదివారం. లావణ్య గారి పోస్టు దాటేశాను, ఒట్టు. ఇప్పుడే మొదటి డిస్క్ అయింది. సుబ్బు చెప్పినట్టే గోళీ దొర్లింది. ముందే తెలుసు కదా, ఏం కాదులే అనుకున్నా. మేనల్లుడికి ఫోన్ చేశాను, ఒంటిగంటన్నరకి, వాడు ఎత్తలేదు.

ఒక్క డౌటు. నా రిస్టోర్ మెటీరియా, ఆల్ మెటీరియా (మంత్రశక్తినిచ్చే గోళీలు) రెండూ ఆమె దగ్గరే పెట్టాను. పోయినట్టేనా?

లెవెల్99_లావణ్య
పోవు. మెనూలో మెటీరియా లిస్టు చూడండి, వెనక్కి వచ్చేసి ఉంటాయి.

అర్ధరాత్రి_అప్పారావు
ఉన్నాయి. రెండూ ఉన్నాయి.